రెండో తాళంచెవి

బుధవారం పదకొండుకి
ఆస్పత్రి మేడమీద, పాత ఎక్స్‌రే గదిలో
ఏడు ప్లాస్టిక్ కుర్చీలు.
ఒకదానికి కాలు పగిలింది. అది నాది.
ఇంకెవురైనా కూచుంటే ఊరుకోను.

మునిలక్ష్మి మేడం పెట్టిన నియమాలు రెండే.
ఇరవై నిమిషాలు పెన్ను ఎత్తకూడదు.
ఎవురు రాసింది వాళ్లు చదవకూడదు,
పక్కనున్నోళ్లు చదవాల.

చీటీలో నా జబ్బు పేరు ఇంగ్లీషులో ఉంది.
బార్డర్‌లైన్ అంటే ఏమో ఆమె విప్పి చెప్తా ఉంటే
నాకు నవ్వొచ్చింది.
బార్డరంటే నాకు తెలిసింది నరహరిపేట చెక్‌పోస్టు.
అక్కడ లారీని ఆపుతారు, టార్పాలిన్ ఎత్తి చూస్తారు.
నాలో ఏ బండినీ ఎవురూ ఆపరు.
పొద్దున నా ప్రాణమనుకున్న మనిషి
ఫోనెత్తడం నాలుగు నిమిషాలు ఆలస్యమైతే
మధ్యాహ్నానికి పగవాడు.
సాయంత్రానికి వాని గేటు పట్టుకోని
ఏడుస్తా నేను.

నా పక్కన ఢిల్లీరాణి.
కొండమీద కల్యాణకట్టలో గుండ్లు గీస్తుంది.
మే నెలలోనూ పొడుగు చేతుల జాకెట్టు.
ఆమె రాసింది పోయిన వారం నేనే చదివినా:
"తొమ్మిదేండ్లు. పసిబిడ్డల తలకాయలు, ముసిలోళ్లవి.
ఒక్క గాటు పడనీలేదు ఎవురికీ."
అంతే. కింద పేజీ అంతా ఖాళీ.
ఖాళీని కూడా చదవమంది మేడం.
ఎట్ల చదవాల్నో తెలీక
ఆ జాకెట్టు చేతి గుండీలనే చూస్తా కూచున్నా.

ఈ వారం నాది చెంగల్రాయులు చేతిలో పడింది.
అలిపిరి స్టాండు ఆటో. పది తప్పినోడు.
ఒక్కో అక్షరం దగ్గర బ్రేకు తొక్కి
గతుకుల్లో పోయినట్టు చదువుతాడు.

"మా యమ్మ బస్టాండు ఎదురు లాడ్జీలో ఊడ్చేది.
బడి లేని దినం నన్ను ఖాళీ గదిలో పెట్టి
బయట తాళమేసేది, భద్రంగా ఉంటానని.
ఒకరోజు నూటనాలుగు, ఒకరోజు మూడువందల ఏడు.
ఏ గదిలోనూ రెండు దినాలు లేను.
దిండ్లకు ఎవురివో కొత్త గుండ్ల చందనం వాసన.
యాత్రికులు మర్చిపోయిన లడ్డు పొడికి చీమలు.
చీమల్ని లెక్కపెట్టేదాన్ని.
ప్రతి గదికీ తాళంచెవులు రెండుంటాయని
మా యమ్మకు తెలుసో లేదో.
రెండోది మేనేజరు దగ్గర…"

ఆడ ఆగిపోయినాడు.
పేజీలో ఇంకా రెండు వరుసలున్నాయి.
అద్దాలు తీసి, ఖాకీ చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టుకోని,
రాసింది నేనేనని మర్చిపోయినాడేమో,
"ఎవురుమ్మా ఈ బిడ్డ?" అన్నాడు.
"ఎన్నేండ్లు?"

ఏడు, అన్నా.

ఎందుకరవలేదే నువ్వు, ఎందుకు గడియ పెట్టుకోలేదే, అని
ఇరవై రెండేండ్లుగా దాన్ని నిలదీసింది నేనే.
ఆ గరుకు గొంతులో వింటే
అది ఎంత పొట్టిదో మొదటిసారి కనపడింది.
లోపలి గొళ్లెం
దానికి అందదు.

కోపమొచ్చింది.
ఫోన్లు గోడకేసి కొట్టే కోపం కాదు.
అది నాకు పాత చుట్టం, పిలవకపోయినా వస్తుంది.
ఇది కొత్తది. కదలకుండా నిలబడింది.
దీనికి ఎవురింటికి పోవాల్నో తెలుసు.

ఎవురూ ఏమీ అనలేదు.
కింద మందుల కిటికీ దగ్గర టోకెన్ నంబర్లు పిలుస్తా ఉన్నారు.
మెట్లు దిగేటప్పుడు ఢిల్లీరాణి
చేతి గుండీ ఒకటి విప్పుకుంది.
ఉక్కపోత, అంది.

ఆ రాత్రే మేడంకు పదిహేడు మెసేజీలు పెట్టినా.
అన్నింటికీ ఒకే ప్రశ్న: నన్ను వదిలేస్తారా?
జవాబు లేదు. పడుకోని ఉంటుంది, మనిషి కదా.
ఇట్ల అనుకోడానికి రెండు గంటలు పట్టింది.
పద్దెనిమిదోది నోటుబుక్కులో రాసినా.

చెంగల్రాయులు చదవని ఆ రెండు వరుసలు
దాని పైన పేజీలోనే ఉన్నాయి.
వచ్చే బుధవారం
ఢిల్లీరాణి వంతు.