పదో జత, పొడుగు చెయ్యి

సోహార్ ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ లేని గది.
పోశెట్టి నెత్తిని టేపుతో కొలిచి
మైనపు పెన్సిల్‌తో ఇరవై ఒక్క చుక్కలు పెడతాను.
"ముగ్గేస్తున్నవా మేడమ్?" అంటాడు.
ఔనంటాను. చుక్కలు నావి, గీతలు నీవి.

పోర్టులో పరంజాలు కట్టే మనిషి.
అరవై అడుగుల ఎత్తున భయం లేదు గానీ
జేబులో ఫోను మోగితే భయం.

ముందు చెవిలో మొదలవుతుందట:
"బోరుమోటరు మేడమ్. నీళ్లు లేకుంట ఉత్తగ తిరిగే మోటరు."
తర్వాత ఎదుటి మనిషి మాటలు
మాటలుగా ఉండవట, డబ్బాలో గులకరాళ్లు.
ఆ తర్వాత ఏమీ ఉండదట
ఎవరో మొహాన నీళ్లు కొట్టేదాకా.

ఏసీ మోత అనుకొని క్యాంపులో మూడు గదులు మారాడు.
పక్క మంచం బంగ్లా కుర్రాడు ఉల్లిపాయ వాసన చూపించాడు.
ఫోర్‌మన్ తాళాలగుత్తి పిడికిట్లో పెట్టాడు.

"మా నాయినమ్మకు ఇసుర్రాయి ఇనొచ్చేది.
మా నాయిన రైసుమిల్లు అనేటోడు.
ఇద్దర్నీ దర్గాకు తోల్కపోయిన్రు."

ఒక్కొక్కరి చెవిలో
వాళ్ల వాళ్ల కాలపు యంత్రం.

నిన్న ల్యాబు కాగితం వచ్చింది.
పదో జత క్రోమోజోమ్, పొడుగు చెయ్యి,
ఎల్‌జీఐ వన్ అని జీను పేరు.
డాక్టర్ జుహైనా మందుచీటీ వెనక బొమ్మ గీసింది.
రెండు నరాల కణాలు. నడుమ సందు.
సందులో చిన్న చుక్క.
ఈ ప్రొటీన్ పని లోపల కాదట.
లోపల తయారై, గడప దాటి, ఆ సందులో నిలబడి
అటొక చెయ్యి ఇటొక చెయ్యి పట్టుకొని
ఇక చాలు, గొంతు తగ్గించండి అనాలట.
ఇతనిలో ఒక్క అక్షరం తప్పింది.
సగం ప్రొటీన్‌కు మడత సరిగ్గా కుదరదు.
కుదరనిది లోపలే ఉండిపోతుంది.

స్రవించడం అని పుస్తకంలో చదివిన మాట
నా రాజంపేట నోటికి రాలేదు.
బయటికి రావాల్సింది రావట్లా, అన్నాను.

బొమ్మకేసి చానాసేపు చూశాడు.
"అంటే దానికి ఎగ్జిట్ కొట్టలే."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
ఇక్కడికి రాకముందు దమ్మాంలో పదకొండు నెలలు
అతని పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది,
అతను బయట.
బయట కాదు మేడమ్ అంటాడు, అదంత లోపలనే.

ప్రొటీన్‌కు కఫీల్ ఉండడు,
దాన్ని ఎవరూ పట్టిపెట్టలేదు,
దానికి ఎవరి మీదా కోపం లేదు
అని చెబుదామనుకున్నాను.
చెప్పకుండా జిగురు కలుపుకున్నాను.

"మా బిడ్డకు గూడ వస్తదా?"

బొమ్మా బొరుసూ. అంతకంటే ఎవరికీ తెలియదు.
వచ్చినా ఫిట్సు రాకపోవచ్చు, మందులున్నాయి,
ఈ ఫిట్సు మందులకు లొంగుతాయి.
ఇవన్నీ వరసగా చెప్పాను.
అతను వేరేదేదో లెక్కేస్తున్నాడు.
"ఆమెకు ఏం ఇనొస్తదో.
ఇసుర్రాయి ఇప్పుడు ఎవ్వరింట్ల లేదు."

ఈరోజు పరీక్షకు డాక్టర్ రాసింది ఒక్కటే లైను:
ఫోను మోగించి చూడండి.
నా నంబరు నుంచే చెయ్యాలి.
అతని ఫోను స్టీలు ట్రేలో పెట్టాను, దూదిమీద.

"జర ఆగు మేడమ్. ఆ పాట మా బిడ్డ పెట్టింది.
అది గీతలల్ల రావద్దు. ఉత్త రింగు పెడ్త."

తీగలన్నీ వేలాడుతుండగానే వంగి మార్చాడు.
వెనక్కి ఆనుకొని కళ్లు మూశాడు.

తెరమీద గీతలు
పోటు లేని మధ్యాహ్నపు సముద్రం.
తలుపవతల ట్రాలీ చక్రం కిర్రుమని ఆగింది.
నా బొటనవేలు పచ్చ గుండీ పైన.

ఎడమ చెవికి పైనున్న గీత
నేనింకా నొక్కకముందే
కొంచెం తలెత్తింది.