సర్వీస్ రిపోర్టు

కోబర్గ్‌లో ట్రాము మలుపు తిరిగే చోట
ఒకప్పటి రొట్టెల బట్టీ అది.
ఇప్పుడు ఇరాను పుస్తకాలు, జరతుష్ట్రుడి పుస్తకాలు,
చదువుకోడానికి మూడు బల్లలు,
పై గదిలో కాపురముండే హిల్లా గాందేవియా.
ఏడాదికి రెండుసార్లు నిచ్చెన మోసుకెళ్తాను.
కప్పుకి అతుక్కున్న పదకొండు పొగ అలారాల్ని
ఒక్కొక్కటే నొక్కి కూయించి
కాగితం మీద టిక్కు పెట్టి వస్తాను.

మొదటిసారి ఆవిడ నవ్వింది:
"నిప్పును కాపాడేవాళ్ళం మేము.
నిప్పు నుంచి కాపాడేవాడివి నువ్వు.
టీ తాగుతావా?"
కెటిల్ కరెంటుది. పటం ముందు దీపం బ్యాటరీది.
అగ్గిపుల్ల కూడా గుమ్మం దాటకూడదని ఇన్సూరెన్సు వాళ్ళ షరతు.
రొట్టెల పొయ్యి నోట్లో
గుజరాతీ పత్రికల పాత సంచికలు
పిడకల్లా పేర్చి ఉన్నాయి.

ఇంకోసారి ఒక రాతప్రతి తెరిచింది.
చేతులకు తెల్ల తొడుగులు, మూతికి తెల్ల గుడ్డ.
వాళ్ళ పూజారులూ నిప్పు ముందు ఇలాగే కట్టుకుంటారట,
ఊపిరి ఎంగిలి తగలకుండా.
కుమ్మరి ఆవం నుంచి, కంసాలి కుంపటి నుంచి,
పిడుగు పడ్డ చెట్టు నుంచి, ఆఖరికి చితి నుంచీ
పదహారు నిప్పులు తెచ్చి,
చిల్లుల గరిటెలో గంధపు పొట్టు పోసి
మంటకు తగలనీయకుండా పైన పట్టుకుంటారట,
ఒట్టి సెగకే అంటుకునేదాకా.
ఆ కొత్త మంట మీద మళ్ళీ గరిటె. మళ్ళీ. మళ్ళీ.
మా ఎదురింటి మడి మనుషుల్ని
"నిప్పులు కడుగుతారమ్మా" అని వెక్కిరించేది మా అమ్మ.
నిజంగా కడిగేవాళ్ళున్నారని
అప్పుడే ఫోన్ చేసి చెప్పాలనిపించింది.
అక్కడ అర్ధరాత్రి. చెప్పలేదు.

జనవరిలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి
పదకొండూ ఒక్కసారే కూశాయి.
నేను వెళ్ళేసరికి వీధి దీపాలకు పచ్చకామెర్లు.
లోపల అరలన్నీ చేత్తో తడిమి చూశాను, చల్లగానే ఉన్నాయి.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఎంత దూరపు నిప్పో చెప్పరు.
మూడు వందల కిలోమీటర్ల అవతల, కొండల్లో
యూకలిప్టస్ అడవి తగలబడుతోంది.

హిల్లా పేవ్‌మెంట్ మీద కూర్చుంది, నైటీ మీద కోటు,
ఒళ్ళో బిస్కెట్ల రేకు డబ్బా.
"మూడొందల ఏళ్ళ పుస్తకం వదిలేసి ఇదా?" అన్నాను.
"దాని ఫోటోలు నాలుగు దేశాల్లో ఉన్నాయి.
ఇది ఇంకెక్కడా లేదు."

డబ్బా నిండా ట్రాము టికెట్లు.
గుష్తాస్ప్ అని కండక్టరు, పోయి తొమ్మిదేళ్ళు.
యజ్ద్ దగ్గరి పల్లెలో వాళ్ళమ్మ మాట్లాడిన మాటలు,
ఏ పుస్తకానికీ ఎక్కని మాటలు,
గుర్తొచ్చినప్పుడల్లా టికెట్ల వెనక రాసుకున్నాడు.
పక్కన ఇంగ్లీషు అర్థం.
ఒక్క చీటీకి మాత్రం అర్థం లేదు, ప్రశ్నార్థకం ఉంది.
"రాత్రి మనం నిప్పు మీద కప్పే బూడిద కాదు," అందావిడ,
"నిప్పు తనకు తాను కప్పుకునేది. పల్చగా.
ఊదితే లేచిపోయేది. దానికో మాట."

ఇల్లందులో నాన్న గని నుంచి తెచ్చిన బొగ్గు.
తెల్లారగట్ల కుంపటి మీదికి వంగిన అమ్మ, ఒక్క ఊపు,
ఎర్రగా తెరుచుకునే కన్ను.
"నివురు" అన్నాను.

మళ్ళీ అనమంది. మూడోసారికి తనూ పలికింది.
"నీ అక్షరాల్లో రాయి," అని చీటీ నా మోకాలి మీద పెట్టింది.
ప్రశ్నార్థకాన్ని కొట్టెయ్యకుండా
పక్కనే రాశాను.

తర్వాత రిపోర్టు నింపాను:
పరికరాలు సక్రమం. పొగ నిజమైనదే.
గుజరాతీలో ఆవిడ సంతకం.
దాని మీద ఎక్కడి నుంచో ఒక బూడిద రేకు వచ్చి వాలింది.
ఊదబోయి
ఆగాను.