రవ్వ పళ్ళెం

బియ్యంలో వేలు పట్టి దిద్దించినప్పుడు
అయ్యగారికి నూటపదహార్లు.
ఇప్పుడు తార్నాకలో, జిరాక్సు షాపు మీది గదిలో
స్టీలు పళ్ళెం నిండా బొంబాయి రవ్వ.
గంటకు ఏడొందలు.

నస్రీన్ మేడమ్ తొందరపడదు.
"'ప'కు తలకట్టు అంటుకోదు నాన్నా,
'వ'కు అంటుకుంటది. వేలితో చూడు."
విభు వేలు చూస్తుంది,
కళ్ళు మాత్రం కిటికీలోంచి మెట్రో వెంట.

మొద్దు అని నేనన్న మాట కూడా
రవ్వలో రాసుంటే బాగుండేది.
పళ్ళెం ఒక్కసారి కుదిపితే పోయేది.

నిన్న ఇంటికొస్తుంటే
పిల్లర్ పక్కన గోడ ముందు ఆగిపోయాడు.
వేలు గాల్లో.
ఇ... క్క... డ...
వెనక బైకుల హారన్లు.
మూ... త్ర... ము...
వో... కాదు, పో... య... రా... దు.

ముక్కు మూసుకుని అక్కడే నిలబడి
"మళ్ళీ చదువు" అన్నాను.