మూడో తత్వం

ఆదోనిలో, పత్తి మార్కెట్ వెనక,
మెమరీకార్డుల నా అంగడి ముందర నిలబడి
సుంకులమ్మ ఒక ఖాళీ క్యాసెట్ పెట్టె చూపిచ్చింది.
అట్ట మీద వాళ్ల నాయన హులిగప్ప,
చేతిలో తంబూర, కండ్లు మూసుకొని.

టేపు ఎప్పుడో ఎలుకలపాలు.
కంపెనీ బళ్లారిలో ఉండేదంట,
పోయి చూస్తే ఇప్పుడాడ టైర్ల అంగడి.
హక్కు మాత్రం ఇంకా వాళ్లదే,
పాట బయటికొచ్చినాంక అరవై ఏండ్లు.

వేళ్ల మీద లెక్కేస్తి.
ఈమెకు డెబ్భై ఎనిమిది నిండినాంక
వాళ్ల నాయన గొంతు అందరిదీ అయితాది,
ఈమెది కూడా.

పోయినేడు పోలీసులు నా కంప్యూటర్ పట్టుకపోయిరి,
కొత్త సినిమాలెక్కిస్తాండానని.
నిజమే, ఎక్కిస్తాంటి. నేనేం సాధువును కాదు.
ఇంట్లో బియ్యం డబ్బాలో
ఒక్క పెన్‌డ్రైవ్ మిగిలింది.

కార్డులోకి ఎక్కిచ్చి వినిపిస్తి.
మూడో తత్వం నడిమిట్ల
దగ్గు.
చెంబు చప్పుడు. గుటక.
మళ్లా పాట.

పాట వద్దు,
ఆ దగ్గు ఇంగోసారి పెట్టు హుస్సేనప్పా, అనింది.

ఇరవై రూపాయలిచ్చింది, తీసుకుంటి.
ఇంత దొంగసొమ్ముకు
చిల్లర ఎంత తిరిగియ్యాల్నో తెలీక
శానాసేపు
గల్లాపెట్టె మూయలేకపోతి.