టీ మరక

మౌన్ ఊళ్లో టైర్ల కొట్టు వెనకగదిలో
జూలై నెలంతా నా బల్లమీద పరిచి ఉంది.
మొదటిరోజు విమానం, చిన్నది,
మనిషికి పదిహేను కిలోలు, మెత్తటి సంచీ మాత్రమే.
రెండోరోజు ఖ్వాయ్. మూడోరోజు...
ఇక్కడే ఆగిపోయాను.
ఉత్తరంలో అడుగుతున్నారు:
"సింహం ఏ రోజు కనిపిస్తుంది?"

మొకోరో నడిపే గాలెబోయెకి చదివి వినిపించాను.
గెడ గోడకానించి, టీలో నాలుగో చెంచా చక్కెర కలుపుతూ
"నిరుడు మా అత్త ఆవుని తిన్నరోజు
అది నాకూ చెప్పి రాలేదు" అన్నాడు.

నీళ్లూ అంతే.
అంగోలా ఎత్తుల్లో జనవరిలో పడ్డ వాన
ఇసుకలో పాకి, జమ్ముదుబ్బుల్లో దారి తప్పి,
ఏ ఆరునెలలకో మా వంతెన కిందికొస్తుంది.
వచ్చిందని ముందు కప్పలకి తెలుస్తుంది,
తర్వాత పిల్లలకి,
ఆఖర్న నాకు.

అయినా రాయాలి కదా, డబ్బు కట్టారు.
పెన్సిల్‌తో రాశాను:
ఏడో తారీఖు, తెల్లారకముందే పడవ.
ఉన్ని టోపీ తెచ్చుకోండి, చలి కొరుకుతుంది.
సింహం కోసం వదిలిన గడిలో
గాలెబోయె కప్పు అడుగున ఉన్న తడి
గుండ్రంగా అంటుకుంది.

తుడవబోయి,
అలాగే మడిచి కవర్లో పెట్టాను.