పగులుతో సహా

సూర్‌లో సముద్రానికి వీపు పెట్టి ఉంటుంది మా షెడ్డు.
పడవలు కట్టేవాళ్లు వదిలేసిన టేకు ముక్కలూ
వాగు పక్కన కూలిన రేగు మొద్దులూ మాకొస్తాయి.
రేగును ఇక్కడ సిద్ర్ అంటారు.
పేరు మారింది గానీ ముల్లు మారలేదు,
మొదటి మొద్దు ఎత్తిన రోజే
బొటనవేలికి ఆ సంగతి తెలిసింది.

ఆ గిన్నె నాఖుదా హమూద్ ఇంటికి.
మనవరాలి పెళ్లి మాటలకొచ్చేవాళ్ల ముందు ఖర్జూరాలు పెట్టడానికి.
అంచు పల్చగా ఉండాలన్నాడు,
గోటితో మీటితే మోగేంత.

మూడు రోజులు బాగానే తిరిగింది.
నాలుగో రోజు ఎడారి వైపు నుంచి గాలి లేచింది.
గర్బీ అంటారు దాన్ని,
తలుపు సందులోంచి దూరి తడిగుడ్డను పలకలా ఎండబెడుతుంది.
టీకి వెళ్లొచ్చేసరికి
టిక్.
అంతే. పక్క గదిలో ఎవరో వక్క కొరికినట్టు.

అంచు నుంచి అడుగుదాకా వెంట్రుకంత గీత.
నేను చేసింది ఇంకా తప్పు:
గీతను చెరిపేద్దామని కంగారుగా ఉలి ఆనించాను.
ఉలి పట్టేసింది.
అంచులోంచి చిటికెన వేలంత ముక్క ఎగిరి
అనీసుర్ టీ గ్లాసులో పడింది.
అతను దాన్ని తీసి, లుంగీకి తుడిచి, నా చేతిలో పెట్టి
మిగతా టీ తాగేశాడు.

తరిమెన దగ్గర మా తాత తిట్టేవాడు:
"గాయం మీద లక్క పులమకురా, అదేమన్నా గోడకి సున్నమా?"
మరేం చెయ్యాలో మాత్రం
ఎప్పుడూ చెప్పలేదు.

రాత్రి కూర్చున్నాను.
కాలిపోయిన ఫ్యాను మోటారు విప్పి రాగితీగ తీశాను.
పగులుకు అటూ ఇటూ సూది బెజ్జాలు,
గోనెసంచి మూతి కుట్టినట్టు ఎనిమిది కుట్లు.
తాళాలు చేసే కుంజుమోన్
ఊడ్చి దాచిన ఇత్తడి పొడి ఇచ్చాడు,
ఎన్ని ఇళ్ల తాళంచెవుల పొట్టో అది.
జిగురులో కలిపి గీత పొడవునా కూరాను.

ఎగిరిన చోట నింపడానికేమీ లేదు.
ఆకురాయితో ఇంకా తోమి అలలా వంచాను.
నెమ్మదిగా తిప్పుతూ, ఊపిరి బిగబట్టి,
ఉక్కుతీగ అదిమిపెడితే
పొగ చిమ్ముతూ మూడు నల్ల చుట్లు పడ్డాయి.

చివర లక్క.
విమానాశ్రయంలో ఆఫీసరు వాసన చూసి
మిఠాయా అని అడిగిన ఎర్ర పుల్ల.
నునుపు తేవాలంటే మొగలి ఆకుండాలి.
ఇక్కడ మొగలెక్కడ?
ఖర్జూరపాకు చీల్చి పట్టాను.
కొంచెం గీరింది. గీరనిచ్చాను.

హమూద్ గిన్నెను తిప్పి తిప్పి చూశాడు.
కుట్ల మీద బొటనవేలు ఆగింది.
వాళ్ల తాతల పడవలకు మేకులుండేవి కావట,
కొబ్బరితాడుతో పలకల్ని కుట్టేవారట.
అది తెలిసే చేశాననుకున్నాడు.
నాకొచ్చిన అరబ్బీ
నిజం చెప్పడానికి చాలదు.

వారం తిరక్కుండా సులైమాన్ సేఠ్ కాగితం తెచ్చాడు.
ఆరు గిన్నెలు, అచ్చం అలాంటివే.
"పగులుతో సహా" అంటూ
గాల్లో వేలితో గీత గీసి చూపించాడు.

ఆరూ తీశాను. ఆరూ గట్టివి, ఒక్క మచ్చ లేదు.
ఉలి మొన అంచుకు ఆనించి నిలబడ్డాను.
పదేళ్లు వేళ్లు చితక్కొట్టుకుని నేర్చిన పనంతా
ఆ మొన పట్టెయ్యకూడదనేగా.
అనీసుర్ నన్నే చూస్తున్నాడు,
ఈసారి టీ గ్లాసు మీద అరచెయ్యి మూసి.

ఉలి పక్కన పెట్టేశాను.
పడమటి తలుపు తీసి
గిన్నెల్ని గుమ్మంలో వరసగా పెట్టాను.
రాత్రంతా గాలి.
చెవులు రిక్కించుకుని పడుకున్నాను.

తెల్లారేసరికి అయిదింటి నిండా ఇసుక.
ఒక్కదానికి గీత పడింది,
నేనైతే ఎన్నడూ పెట్టని చోట.