నెష్

మా షెఫీల్డ్‌లో ఒక మాట ఉంది. నెష్.
పలికితే సగం తుమ్ము.
చలికి ముడుచుకుపోయేవాడని అర్థం.
బడి గోడ దగ్గర మాత్రం
మగాడివే కావని అర్థం.

అరవై మూడు, జనవరి.
సీసాల మూతల్ని తలతో నెట్టుకుంటూ
పాలు గడ్డకట్టి పైకి లేచిన నెల.
మా తమ్ముడు క్లిఫ్ చొక్కా లోపల
అమ్మ పేపరు మడిచిపెట్టి పంపింది.
వాడు పరిగెడితే కరకరమనేది.
ఆక్స్‌స్ప్రింగ్ వాళ్ళ పెద్దోడి చెవిన పడింది.
గుండీలు తెంపి లాగాడు.
రద్దయిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ల జాబితా
మంచులో పడి తడిసింది.
నెష్! నెష్! నెష్!
నలభై నోళ్ళలోంచి ఆవిరి.
నేనూ అన్నాను.
అనకపోతే తర్వాతి వంతు నాదే.

అలా మాట పడ్డవాడు
మళ్ళీ కోటు తొడగలేదు.
కొలిమి పనిలో ఎలాగూ వేడే.
పెళ్ళికీ చొక్కాయే,
అమ్మను మట్టిలో పెట్టిన రోజూ చొక్కాయే,
వడగళ్ళలో బస్సు కోసం నిలబడ్డా చొక్కాయే.
ఉక్కుమనిషి అన్నారు చూసినవాళ్ళు.
నాకు మాత్రం వాడు అడుగు తీసి అడుగు వేస్తే
పేపరు చప్పుడే వినపడేది.

తిట్లకేం, అవి ఒకచోట నిలవవు.
ముప్పై ఏళ్ళు ఆ బడిలోనే
గరిటె పట్టుకుని విన్నాను.
ఒక ఏడాదంతా పానా పేరుతో తిట్టుకున్నారు,
ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు.
ఇంకో ఏడాది తోలుబొమ్మ పేరుతో.
వికెడ్ అన్నాడని ఒకడి చెవి మెలేశాను,
పాపం, వాడు నా కస్టర్డ్‌ని మెచ్చుకున్నాడట!
మర్నాడు రెండు గరిటెలు ఎక్కువ పోశాను.
క్షమాపణ అనే మాట మాత్రం
అప్పటికీ పాత అర్థంలోనే ఉంది కనుక
నోటితో అనలేకపోయాను.

పోయిన నవంబరులో క్లిఫ్
ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో పడ్డాడు.
మనవరాలు బ్రయనీ పాత ఫోటో ఒకటి తెచ్చింది.
మోకాలి లోతు మంచు, మోటార్‌సైకిల్,
మోచేతుల దాకా మడిచిన చొక్కా.
"తాతా, నువ్వు సిక్!" అంది కళ్ళు పెద్దవి చేసి.
నర్సు చార్టులోంచి తలెత్తి
"అందుకేగా తల్లీ ఇక్కడున్నాడు" అంది.
వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు తిరిగి నవ్వు కావడానికి
చాలాసేపు పట్టింది.

క్రిస్మస్‌కి ఆ పిల్లే పొట్లం తెచ్చింది.
దళసరి హుడీ, బూడిద రంగు,
గుండె మీద బెత్తెడు అక్షరాలు:
నెష్.
దుకాణాల్లో అమ్ముతున్నారట.
మన ఊరి మాట అని ముచ్చటపడి కొంటున్నారట.
"మా క్లాసులో అందరికీ ఉంది తాతా,
హోదాన్‌ది పసుపు రంగుది."
నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.
క్లిఫ్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు,
రంగు ఇంకా ఆరలేదేమో అన్నట్టు.

టీచరు చెప్పిందట,
వెయ్యేళ్ళ కింద ఆ మాటకు అర్థం మెత్తన అని.
లేతదనం అని.
రొట్టె లోపలి తెలుపు, పసిబిడ్డ మాడు,
అలాంటివాటికి వాడేవాళ్ళేమో అంది బ్రయనీ.
"అప్పుడది తిట్టు కాదు తాతా."
"మరి ఎప్పుడైందో" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.
నాకు తారీఖుతో సహా తెలుసు.
టీ చల్లారిపోతోంది, తాగమన్నాను.

చేతులు పైకెత్తాడు.
ఆ పిల్ల తొడిగింది.
తల మెడ దగ్గర ఇరుక్కుంది కాసేపు.
లోపలి చీకట్లోంచి
"వెచ్చగా ఉందే" అన్నాడు,
ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

కదిలితే కరకరమంది.
పక్క కుట్టులో ధర చీటీ.
కత్తెర తెస్తానని లేచాను.
"ఉండనీ అక్కా" అన్నాడు.